రేవు దాటని అభిప్రాయం

మా సంస్థ పుట్టడానికి కారణం ఒక పెళ్లి భోజనం.

రెండో బంతిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు, వరసకి బావా బావమరిదీ, పప్పు వడ్డించేదాకా బాగానే ఉన్నారు. ఆ తరవాత ఒకడు, కొత్తగా వచ్చిన ‘అసిధార’ ముందు ‘రణభేరి’ ఎందుకూ పనికిరాదన్నాడు. రెండోవాడు, రణభేరి సంగతి దేవుడెరుగు, ‘నాగకోట’ ఆడినవాడెవడూ అసిధార మొహం చూడడన్నాడు. ఇవి మూడూ ఫోనులో, ఒకేసారి అందరూ కలిసి ఆడే ఆటలు. మనం ఒక వేషం కట్టుకుని, కత్తి పట్టుకుని, అడ్డొచ్చిన రాక్షసుణ్ణల్లా కొట్టుకుంటూ, కొట్టినకొద్దీ బలం పెంచుకుంటూ ముందుకు పోవడమే మూడింట్లోనూ పని. వాటి మధ్య తేడా చూడ్డానికి అప్పట్లో నాలాంటివాడికి భూతద్దం కావాలి. ఆ కుర్రాళ్లకి అక్కర్లేకపోయింది. మాటామాటా పెరిగి సాంబారు బకెట్టు గాల్లోకి లేచింది. అది దిగినచోట ఒక మంత్రిగారి వియ్యంకుడు కూర్చుని ఉన్నారు.

నెల తిరక్కుండా జీవో వచ్చింది.

“ఆటలపై క్రీడాకారులు నిష్పూచీగా వెలిబుచ్చుచున్న అభిప్రాయముల వలన శాంతిభద్రతలకును, శుభకార్యములకును విఘాతము కలుగుచున్నట్లు ప్రభుత్వమువారి దృష్టికి వచ్చినది. అభిప్రాయము కలిగియుండుటకు ఎట్టి అభ్యంతరమును లేదు. వెలిబుచ్చుటకు మాత్రము ధ్రువీకరణ పొందవలెను.”

నాకిది సబబుగానే తోచింది. అప్పుడు నాకు ఉద్యోగం లేదు. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఒక పంచదార మిల్లులో చెరకు బళ్లు తూకం వేయించాను. మిల్లు మూతపడ్డాక మమ్మల్ని ఎక్కడ సర్దాలో తెలియక ప్రభుత్వం రెండేళ్లు తల గోక్కుంది. అభిప్రాయాలు తూచడానికి అనుభవజ్ఞులు కావాలనేసరికి మా పేర్లే గుర్తుకొచ్చాయి. అలా పేరూరి కామేశం అనే నేను, కాకినాడలో ఒక మేడమీద, ఆటాభిప్రాయ ధ్రువీకరణ సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటునయ్యాను.

మా నిబంధనలు గట్టివి. కొత్త ఆట గురించి నోరు విప్పదల్చుకున్నవాడు పోటీ ఆటలు రెండూ చివరిదాకా ఆడి తీరాలి, లేకపోతే పోల్చే అర్హత లేదు. ఒక మెచ్చుకోలు రాస్తే పక్క గడిలో ఒక లోపం రాయాలి, తూకం సరిపోవాలి. ఆ రాసినదాన్ని కిందినుంచి పైదాకా మా ఉద్యోగులు ఒక్కొక్కరూ స్వయంగా ఆటలోకి వెళ్లి, కళ్లారా చూసి, చూశామని సంతకం పెట్టాలి. ఇంతా చేసి ధ్రువపత్రం ఇస్తే, అప్పుడు ఆ మనిషి “బాగుంది” అనవచ్చు.

మొదటి నెల దరఖాస్తులు గోనెసంచుల్లో వచ్చాయి. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, అసిధారలో కత్తి దూస్తే చేతికి బరువు తెలుస్తుందనీ, రణభేరిలో విసనకర్ర విసిరినట్టుంటుందనీ రాశాడు. మా సూపరింటెండెంటు పులుగుర్తి వెంకటాచలం గారు ఎర్రసిరాతో కొర్రీ వేశారు: “కత్తి బరువు ఎన్ని కిలోలో తెలుపవలెను. విసనకర్ర తాటాకుదా, ప్లాస్టిక్‌దా స్పష్టము చేయవలెను.” ఒక బ్యాంకు ఉద్యోగి, కథ కావాలంటే నాగకోట, కొట్లాట కావాలంటే అసిధార అని రాశాడు. దానికి కొర్రీ: “రెండును బాగున్నయెడల తగాదా దేనికి? దరఖాస్తుదారు ఉపసంహరించుకొనవచ్చును.” పాపం ఆయన ఉపసంహరించుకున్నాడు. ఆ నెల ఒక తగాదా పరిష్కరించామని మేం పైకి రాసుకున్నాం.

జీవోలో ఒక వెసులుబాటు కూడా ఉంది. ఫిర్యాదుకి ఏ ధ్రువీకరణా అక్కర్లేదు, ఎందుకంటే ఫిర్యాదు పౌరుల హక్కు. ఆటలో ఫలానాది బాగాలేదనుకున్నవాళ్లు ఇంట్లో మంచంమీద పడుకునే, తయారుచేసినవాళ్లకి నేరుగా రాసుకోవచ్చు. బాగుందనుకున్నవాళ్లే మా మెట్లెక్కాలి.

జులైలో ఒక పొద్దున్న నూకరత్నం గారు మా మెట్లెక్కారు.

అంగర నూకరత్నం గారిది మా మేడ కిందే జిరాక్స్ షాపు. యాభై దాటినావిడ. ప్రతి కాగితమూ మూడు ప్రతులు అడిగే ఆఫీసు పైన వెలిసినప్పటినుంచీ ఆవిడకి చేతినిండా పని. కాగితానికీ కాగితానికీ మధ్య ఫోనులో కత్తి తిప్పుతూ ఉంటారు. మొదట్లో లెక్కలు చూసుకుంటున్నారేమో అనుకునేవాణ్ణి. ఒకరోజు “చావు ముండాకొడకా” అని వినపడ్డాక సంగతి తెలిసింది.

“కామేశం గారండీ, నా అభిప్రాయం ఒకటే ముక్కండి. పడవ తియ్యొద్దు. రాసి పెట్టండి.”

“అది అభిప్రాయం కాదు రత్నంగారూ, విజ్ఞప్తి. విజ్ఞప్తులు మేం తీసుకోం.”

“మరి అభిప్రాయం అంటే ఎలా ఉండాలండి?”

“పడవ బాగుంది, అనాలి.”

“బాగుందండి. శానా బాగుంది. ఇంక రాసుకోండి.”

ఏ పడవ, ఎక్కడి పడవ అని అడిగాను. అసిధారలో ఇరవై ఏడో స్థాయిలో ఒక నది వస్తుందట. అవతలి ఒడ్డుకి పడవలో పోవాలి. పడవ సరంగు ఒక ముసలాయన, గెడ వేసుకుంటూ తీసుకెళతాడు. ఏడు నిమిషాలు పడుతుంది. ఆ ఏడు నిమిషాల్లో రాక్షసుడు రాడు, బాణం పడదు, ఏమీ జరగదు.

“రణభేరిలో నదొచ్చిందంటే ఇలా నొక్కితే అలా అవతల తేలతామండి. తడి కూడా అంటదు. నాగకోటలో గద్దొచ్చి మెడ పట్టుకుని ఎత్తుకుపోద్ది. నేనేమన్నా కోడిపిల్లనాండి? దీంట్లో ముసలాయన పడవెక్కే ముందర వంగి, నీళ్లు తీసి కళ్లకద్దుకుంటాడండి. మా నాన్న అలాగే చేసేవోడు. ఆయన గౌతమి మీద పడవేసేవోడండి. వంతెనొచ్చింది, పడవ ఒడ్డెక్కింది, ఆయనా పోయేడు. ఈ ఆటోళ్లెవరో గాని అచ్చం అలాగే గెడేయించేరు.”

అంతవరకూ నవ్వుతూనే చెప్పి, ఆవిడ ఫోను నా ముందు పెట్టారు. ఆట తయారుచేసినవాళ్ల ప్రకటన ఉంది అందులో. పడవ ఆలస్యమవుతోందని ఆటగాళ్లనుంచి వేల ఫిర్యాదులు వచ్చాయనీ, బాగుందని ఒక్కరూ చెప్పలేదనీ, అందుచేత డిసెంబరు ఒకటిన వచ్చే కొత్త రూపంలో పడవ తీసేసి వంతెన కడుతున్నామనీ రాశారు.

“ఒకసారి పోయిందండి పడవ,” అన్నారు రత్నంగారు. “మళ్లీ పోనివ్వకండి.”

అయిదు నెలల గడువుంది. మా సంస్థ వేగం నాకు తెలిసినా, అయిదు నెలలు చాలవా అనిపించింది. ఆవిడ పోటీ ఆటలు రెండూ అప్పటికే పూర్తిచేసి ఉన్నారు. దరఖాస్తులో అన్ని గడులూ నేనే నింపాను. లోపం గడి దగ్గర మాత్రం ఆవిడ ససేమిరా అన్నారు.

“పడవకి లోపమేంటండి? చిల్లు లేదుగా.”

ఆ గడి ఖాళీగా పెట్టి, పరిశీలన కోసం నేనే ఆటలోకి దిగాను.

తొమ్మిది రోజులు పట్టింది నది చేరడానికి. మొదటి గుమ్మం దగ్గర దున్నపోతు తలకాయతో ఒక కావలివాడు స్టూలు మీద కూర్చుని ఉంటాడు. వాడు లేచి గొడ్డలి ఎత్తగానే డాలు అడ్డం పెట్టి, పక్కకి జరిగి, కాలి మీద కొట్టాలి. నాలుగోసారికి నాకు చిక్కాడు. తరవాత అడవి, గుహ, తేళ్లు. ఆఫీసు పనివేళల్లో తేళ్లని చంపి జీతం తీసుకున్న ఉద్యోగి జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. నది దగ్గరికి చేరాక పడవెక్కాను. ముసలాయన వంగి నీళ్లు కళ్లకద్దుకున్నాడు. గెడ నీళ్లలోకి దిగిన చప్పుడు, మళ్లీ పైకి లేచిన చప్పుడు. ఏడు నిమిషాలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు, నన్నెవరూ ఏదీ అడగలేదు. నాకు చాలా బాగుంది. ఈ మాట ధ్రువీకరణ లేకుండానే రాస్తున్నాను.

మర్నాడు నా బల్లమీద మెమో ఉంది.

“తాము తమ పై అధికారులకన్న ఇరవై ఆరు స్థాయిలు ముందున్నట్లు ఈ కార్యాలయమువారి దృష్టికి వచ్చినది. ఇది సీనియారిటీ నియమములకు విరుద్ధము. సంజాయిషీ ఇవ్వవలెను.”

వెంకటాచలం గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన మెత్తని మనిషే. కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

“చూడు కామేశం. నువ్వు నది చూశానని రాస్తే, నేనూ చూశానని రాయాలి. నేను చూడాలంటే ముందు డైరెక్టరుగారు చూడాలి. ఆయన ఇంకా ఆట తెరవనే లేదు. ఆయన తెరవకుండా నువ్వు నదిదాకా ఎలా పోయావోయ్?”

“నడుచుకుంటూ వెళ్లానండి.”

“ఇప్పుడు వెనక్కి రా.”

అసిధారలో వెనక్కి రావడం లేదు. ఉన్న వేషం చెరిపేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడమే. నా ఇరవై ఏడో స్థాయి వీరుణ్ణి నా చేత్తోనే చెరిపేశాను. వెళ్లి మొదటి గుమ్మానికి పది గజాల ఇవతల, డైరెక్టరుగారి కోసం కేటాయించిన చోటుకి రెండడుగులు వెనక నిలబడ్డాను. నాకన్నా అడుగు ముందు వెంకటాచలం గారు నిలబడ్డారు.

డైరెక్టరు కె.వి. భద్రేశ్వరరావు గారు ఆగస్టు మూడోవారంలో మంచిరోజు చూసుకుని ఆట తెరిచారు. సమావేశం హాల్లో పెద్ద తెర పెట్టించాం. కొబ్బరికాయ కొట్టించాం. తెరమీద ఆయన వీరుడు, ఠీవిగా, కత్తి ఒరలోనే ఉంచుకుని, గుమ్మం వైపు నడిచాడు. కావలివాడు స్టూలు మీదినుంచి లేచాడు. డైరెక్టరుగారు ఆగకుండా వెళ్లారు. గొడ్డలి దిగింది.

“మీరు మరణించారు” అని తెరమీద ఎర్రగా వచ్చింది.

“మరణించినట్టు రాసుకోమంటారాండి?” అన్నారు వెంకటాచలం గారు, మినిట్స్ పుస్తకం తెరిచి.

“ఎందుకు రాసుకోవడం? వాడికి నేనెవరో తెలియలేదు. మళ్లీ వెళదాం.”

మళ్లీ వెళ్లారు. అదే నడక, అదే గొడ్డలి. ఆయన ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఏ ఆఫీసు గుమ్మం దగ్గరా ఆగి ఎరగరు. గుమ్మం దగ్గర ఉన్నవాడు లేచి నిలబడాలి, నమస్కారం పెట్టాలి, తలుపు తియ్యాలి. ఇక్కడ వాడు లేచి నిలబడడం వరకూ సవ్యంగానే జరుగుతోంది. ఆ తరవాతే తేడా వస్తోంది. ఆరోసారికి నేను ఉండబట్టలేక నోరు విప్పాను.

“అయ్యా, తమరు కత్తి తియ్యాలండి.”

“ఎవరి మీద?”

“ఆ కావలివాడి మీదండి.”

ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశారు. “నాలుగో తరగతి ఉద్యోగి మీద చెయ్యి చేసుకోమంటావా? విధి నిర్వహణలో ఉన్నవాడి మీద? రేపు యూనియన్ వాళ్లు వస్తే నువ్వు మాట్లాడతావా?”

నేను మాట్లాడలేను కనక నా రెండడుగుల వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

అలా సెప్టెంబరు గడిచింది, అక్టోబరు గడిచింది. ప్రతి సోమవారం, గురువారం డైరెక్టరుగారు గుమ్మందాకా నడవడం, మరణించడం. కావలివాడికి తమ హోదా తెలియడం కోసం వీరుడికి పట్టు తలపాగా కొన్నారు. తరవాత మెళ్లో పతకం. వాడు పతకంతో సహా నరికాడు. ఆ రెండు నెలల్లో ఆయన రెండువందల పన్నెండుసార్లు మరణించారు. ప్రతిసారీ మేం లేచి నిలబడ్డాం. గుమ్మం అవతల ఏముందో సంస్థకి అధికారికంగా తెలియదు కనక, నదిని గురించిన రత్నంగారి దరఖాస్తు “అట్టి నది ఉన్నట్లు నిర్ధారణ కాలేదు” అనే చీటీతో నా బీరువాలో పడి ఉంది.

రత్నంగారు వారానికోసారి పైకి వచ్చేవారు.

“ఎక్కడిదాకా వచ్చిందండి నా అభిప్రాయం?”

“గుమ్మం దగ్గరుందండి.”

“పోయినవారం కూడా అక్కడే ఉందన్నారు.”

“డైరెక్టరుగారు ఇంకా దాటలేదండి.”

“ఆ దున్నపోతునా? నన్ను పంపండి, రెండు నిమిషాల్లో పడగొట్టేసొత్తాను.”

“దరఖాస్తుదారులు అధికారులకి సాయం చేస్తే అది ప్రలోభపెట్టడం కిందికి వస్తుంది రత్నంగారూ.”

ఆవిడ గోడమీది కాలెండరు చూసి దిగిపోయేవారు. ఆ చూపు నాకు బాగుండేది కాదు.

నవంబరు మొదటివారంలో డైరెక్టరుగారు ఒక నిర్ణయానికి వచ్చి, ఆట తయారుచేసినవాళ్లకి ఉత్తరం రాయించారు. “మొదటి గుమ్మమువద్ద విధులు నిర్వర్తించుచున్న మహిషముఖ కావలివానిని, పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా, తక్షణమే వేరొకచోటికి బదిలీ చేయవలెను. వాని స్థానమున మర్యాద తెలిసినవానిని నియమించవలెను.” మా మాట కాదన్న ఆటని ఆపించే అధికారం కూడా జీవో మాకిచ్చింది కనక, మూడోరోజుకల్లా ఆ కంపెనీ నడిపే అమ్మాయి వచ్చింది. పేరు ఇందుప్రియ. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. అయిదుగురు కలిసి కాకినాడలోనే ఒక అద్దెగదిలో ఆ ఆట తయారుచేశారని అప్పుడే తెలిసింది.

“సార్, వాడు లేకపోతే ఆడేవాళ్లకి డాలు పట్టుకోవడం రాదండి. నేర్పడానికే వాణ్ణి అక్కడ పెట్టాం.”

“నాకు డాలు పట్టుకోవడం నేర్పుతాడా?” అన్నారు డైరెక్టరుగారు.

“మీకని కాదండి, అందరికీనండి.”

“అందరితో పాటు నాకూ అంటే నాకనే కదమ్మా. నేను వాడికి శిక్ష వెయ్యమనడం లేదు. బదిలీ చెయ్యమంటున్నాను. కావాలంటే వాడు కోరుకున్న చోటికే వెయ్యండి.”

ఆ అమ్మాయి సంచిలోంచి పుస్తకం తీసి ఏదో రాసుకుంది. “బదిలీ కుదరదు సార్. మీ వీరుడు వచ్చినప్పుడు మాత్రం లేచి నమస్కారం పెట్టి తలుపు తీసేలా చేస్తాం. సరేనా?”

“నేను మొదటినుంచీ అడుగుతున్నది అదే,” అన్నారాయన.

ఇందుప్రియని మెట్లదాకా సాగనంపడానికి నేను వెళ్లాను. మెట్ల దగ్గర ఆగి అడిగాను, పడవ నిజంగా తీసేస్తున్నారా అని.

“ఏం చెయ్యమంటారండి? పడవ మీద నాలుగువేల మూడువందల ఫిర్యాదులొచ్చాయి. రణభేరిలో నొక్కితే దాటేస్తాం, మీది నత్తనడక అని తిట్టేవాళ్లే. నాకు ఆ పడవంటే ప్రాణం. చిన్నప్పుడు మా అమ్మమ్మతో అలాంటి పడవలోనే ఏరు దాటేదాన్ని. కానీ బాగుందని ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు అన్నా మావాళ్లని ఒప్పించేదాన్ని.”

ఆ ఒక్కళ్లు సరిగ్గా మా కాళ్ల కింద, షాపులో, ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తున్నారు. ఆ ఒక్క అభిప్రాయం నా బీరువాలో రెండో అరలో ఉంది. ధ్రువీకరణ కాని అభిప్రాయం బయటపెడితే ఉద్యోగం పోతుంది. ఇరవై రెండేళ్లు చేసిన ఉద్యోగం ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణి. “వస్తుందిలెండి” అని మాత్రం అన్నాను. ఆ అమ్మాయి తలాడించి దిగిపోయింది. నామీద నాకే రోత పుట్టింది.

రెండు రోజుల తరవాత కావలివాడు స్టూలు మీదినుంచి లేచి, గొడ్డలి పక్కన పెట్టి, దున్నపోతు తల వంచి, రెండు చేతులూ జోడించాడు. డైరెక్టరుగారు చిన్నగా తల ఊపి లోపలికి వెళ్లారు. హాల్లో చప్పట్లు కొట్టాం. ఆ వెనక వెంకటాచలం గారు వెళ్లబోతే వాడు గొడ్డలి మళ్లీ ఎత్తాడు. ఆయనకి ఆ పని రాదు కనక నేనే ఆయన ఫోను తీసుకుని వాణ్ణి కొట్టి, తరవాత నా ఫోను తీసుకుని మళ్లీ కొట్టాను.

అడవిలో ముందు డైరెక్టరుగారు, వెనక మేమిద్దరం. తేళ్లూ గుహభూతాలూ కూడా ఆయనకి నమస్కారం పెట్టాయి, ఇందుప్రియ ఏదీ సగంలో వదిలేసే మనిషి కాదు. నవంబరు ఇరవై రెండున రేవు చేరాం. అట్టి నది ఉన్నట్టు నిర్ధారణ అయింది.

పడవలో ఇద్దరికే చోటు. డైరెక్టరుగారు ఒక్కరే ఎక్కారు. ముసలి సరంగు వంగి, నీళ్లు కళ్లకద్దుకుని, గెడ వేశాడు. మేం ఒడ్డునే నిలబడ్డాం. హాల్లో ఫాను చప్పుడు, గెడ చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు నిమిషాలయ్యాక డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. నాలుగు నిమిషాలకి బూట్లు విప్పారు. బల్లమీద ఆయన ఆఫీసు ఫోను మోగితే కట్టేయమని చెయ్యి ఊపారు. అవతలి ఒడ్డు రాగానే దిగలేదు.

“ఇంకోసారి వెళ్లిరమ్మను,” అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన తొమ్మిదిసార్లు నది దాటారు. ఆయన మొహంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు. ఇంక రత్నంగారి పని అయిపోయినట్టే అనుకున్నాను. నిజంగా అప్పుడు నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది.

తొమ్మిదోసారి పడవ బయల్దేరుతుండగా, ఎక్కడినుంచో ఎవడో ఆటగాడు ఆకుపచ్చ జుట్టుతో పరిగెత్తుకొచ్చి పడవలోకి దూకాడు. డైరెక్టరుగారి పక్కన నిలబడి ఏడు నిమిషాలూ గంతులు వేశాడు.

డైరెక్టరుగారు బూట్లు తొడుక్కున్నారు. “ఈ పడవ మీద ఏదో దరఖాస్తు ఉందన్నావు. పట్రా.”

తెచ్చి ముందు పెట్టాను. ఆయన చదివి, ఖాళీ గడి మీద వేలు పెట్టారు. “లోపం రాయలేదేం?”

“లోపమేమీ లేదన్నారండి దరఖాస్తుదారు.”

“ఉంది,” అన్నారాయన. స్వహస్తాలతో రాశారు.

ధ్రువపత్రం ముప్ఫయ్యో తారీకున, అంటే గడువుకి ఒకరోజు ముందే వెలువడింది. మా సంస్థ చరిత్రలో గడువులోపల తెమిలిన మొదటి ఫైలు అదే. ఒక ప్రతి ఆటవాళ్లకి పంపి, ఒకటి నేనే కిందికి తీసుకెళ్లి రత్నంగారి చేతికిచ్చాను. ఆవిడ ముద్ర తడిమి చూసి, నన్నే చదవమన్నారు.

“అసిధార యందలి పడవ ప్రయాణము, పోటీ ఆటలగు రణభేరి, నాగకోటల యందలి సౌకర్యములకన్న మిక్కిలి ప్రశాంతముగ నున్నదని దరఖాస్తుదారు శ్రీమతి అంగర నూకరత్నము వెలిబుచ్చిన అభిప్రాయము ధ్రువీకరించడమైనది. లోపము: ఎల్లవారును ఎక్కుటవలన సదరు ప్రశాంతతకు భంగము కలుగుచున్నది. కావున పడవను యథాతథముగ కొనసాగించుచు, ధ్రువీకరణ అధికారుల వినియోగమునకు ప్రత్యేకించవలెను. ఇతరులకు వంతెన నిర్మించవలెను.”

“పడవ ఉంటదాండి?” అన్నారావిడ.

“ఉంటుందండి.”

“అంతే చాలండి,” అని ధ్రువపత్రం మడిచి గల్లాపెట్టెలో పెట్టుకున్నారు. మిగతా ముక్కలు ఆవిడ చెవిన పడలేదో, పడ్డా అర్థం చేసుకోదల్చుకోలేదో నాకు తెలియదు. విడమరిచి చెప్పకుండానే నేను మెట్లెక్కేశాను.

డిసెంబరు ఒకటి ఉదయం పదకొండున్నరకి షాపులోకి వెళ్లేసరికి ఆవిడ ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు. తెరమీద ఆవిడ వీరవనిత రేవులో నిలబడి ఉంది. పక్కన కొత్త సిమెంటు వంతెన, దానిమీద ఆటగాళ్లు గుంపులుగా పరిగెడుతున్నారు. రేవులో ఉన్న ఒక్క పడవా కట్టేసి ఉంది. ముసలాయన వంగి, నీళ్లు కళ్లకద్దుకుని, తలెత్తి అడిగాడు.

“పాసుందా అమ్మా?”

ఆవిడ ఇంకోసారి పడవ మీద నొక్కారు. ఆయన మళ్లీ అడిగాడు.

“మా నాన్న ఎవర్నీ పాసడగలేదండి,” అన్నారు రత్నంగారు. “కడుపుతో ఉన్నోళ్లని, శవాలు మోసుకొచ్చినోళ్లని, డబ్బుల్లేనోళ్లని, ఆకరికి పోలీసోళ్లు తరుముతున్నోడిని కూడా దాటించేడు. ఈయన నన్నడుగుతున్నాడు. ఆ గొంతుతో.”

కళ్లనీళ్లు పెట్టుకోలేదావిడ. పెట్టుకుని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నేను జేబులోంచి నా ఫోను తీశాను. పాసున్న ముగ్గురిలో నేనొకణ్ణి.

“ఇది తీసుకోండి. నా పేరుమీద ఎక్కండి.”

“మీ ఉద్యోగమండీ?”

“ముందు ఎక్కండి రత్నంగారూ.”

ఆవిడ ఫోను పుచ్చుకుని షాపు వెనక ఉన్న స్టూలు మీద, గోడవైపు తిరిగి కూర్చున్నారు. గెడ నీళ్లలో దిగిన చప్పుడు వినిపించింది. అంతలో ఒకాయన పట్టాదారు పాసుపుస్తకంతో వచ్చాడు, రెండువైపులా తియ్యాలన్నాడు. నాకు ఆ మెషీను చేతకాదు. మొదటిది తలకిందులుగా వచ్చింది, రెండోది నల్లగా వచ్చింది. వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. “ఆవిడ లేరాండి?” అన్నారు. “ఏరు దాటుతున్నారు, కాసేపాగండి” అన్నాను. అవతలి ఒడ్డు చేరాక ఆవిడ దిగలేదు. అదే పడవలో వెనక్కి వచ్చారు.

మర్నాడు మెమో ఇచ్చారు. ఒకటో తారీకు ఉదయం పదకొండు గంటల నలభై నిమిషములకు నా పడవ నదీమధ్యమున ఉండుటవలన డైరెక్టరుగారు రేవునందు పద్నాలుగు నిమిషములు వేచియుండవలసివచ్చినదనీ, దీనికి మూడు ప్రతులలో సంజాయిషీ ఇవ్వవలెననీ ఉంది.

సంజాయిషీ రాసి వారం దాటింది. ప్రతులు తీయించడానికి రోజూ కిందికి వెళుతూనే ఉన్నాను. వెళ్లినప్పుడల్లా రత్నంగారు నా ఫోను పట్టుకుని నది మీద ఉంటున్నారు, డైరెక్టరుగారు రేవులో నిలబడి ఉంటున్నారు.